ఖాళీ గ్యాలరీ

వరుసగా ఓడిపోయే జట్టు ఆట చూడడానికి డబ్బు పెట్టి టికెట్టు కొనుక్కొని వెళ్ళేవాణ్ణి చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. కొంతకాలానికి విసిగిపోయి అతడు వెళ్ళడం మానేస్తే తోటి అభిమానులు ఎత్తిపొడుస్తారు. “గెలిచినన్నాళ్ళూ వచ్చావు, ఓడగానే ముఖం చాటేశావు” అంటారు. చెరువు నిండితే కప్పలు చేరతాయన్న పోలిక సుమతీ శతకం చదివిన పిల్లలందరికీ తెలిసిందే. ఆ పోలిక ఆటల ప్రేక్షకుల మీద పడినంతగా మరెవరి మీదా పడదు.

ఈ నింద ఎంతవరకు న్యాయం? గెలిచినా ఓడినా మైదానానికి వచ్చి కూర్చోవలసిన బాధ్యత ప్రేక్షకుడికి ఉన్నదా? లేక జట్టుకే ప్రేక్షకుడి పట్ల ఏదైనా బాధ్యత ఉన్నదా? హైదరాబాదు ఫుట్‌బాల్ సంగతి తెలిసినవారు ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరు.

ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు హైదరాబాదు పుట్టినిల్లు లాంటిది. (ఈ మాట కొల్‌కతావాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడంలో వాళ్ళకూ న్యాయమున్నది.) బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు అయిదేళ్ళు వరుసగా హైదరాబాదు సిటీ పోలీసు జట్టు గెలుచుకొంది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా జీవితం ప్రారంభించిన మనిషి. అందరూ ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేవరకు భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు. ఆయన శిక్షణలో భారతదేశం 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. జకార్తాలో చివరి ఆట దక్షిణ కొరియాతో జరిగింది. 2-1 గోళ్ళతో భారత్ గెలిచింది. అంతకుముందు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకుమించి పైకి ఎన్నడూ వెళ్ళలేదు.

ఆ మెల్బోర్న్ జట్టులో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. పేద కుటుంబం. అమ్ముగూడ నుంచి నగరంలోని మైదానానికి రోజూ రావడానికి కూడా చేతిలో డబ్బు లేకపోతే, సైకిలు అద్దెకు రహీం సాబ్ తానే డబ్బులిచ్చి పిలిపించుకొన్నాడని బలరాం చెప్పేవాడు. ఈ చిన్న సంగతిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పడానికి కారణమున్నది. ఆనాటి ప్రేక్షకుడికి తాను చూస్తున్న ఆటగాడు ఏ పేటవాడో, ఎవరి కొడుకో తెలుసు. నిన్న సైకిలు మీద వెళ్తూ కనిపించినవాడే ఇవాళ గోలు కొడుతున్నాడు. వాడు గోలు తప్పితే తిట్టడానికైనా ఒక చనువు ఉండేది.

ఆ రోజులు ఎక్కువకాలం నిలవలేదు. మంచి ఆటగాళ్ళకు కలకత్తా క్లబ్బులు కబురు పంపేవి. డబ్బూ పేరూ అక్కడే. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ అదే దారి పట్టారు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాడు మన హైదరాబాదు హబీబే. చప్పట్లు మాత్రం ఈడెన్ గార్డెన్స్‌లో మోగాయి. బలరాం కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేవరకు అక్కడే ఉండిపోయాడు. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోనూ, 1957-58లోనూ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు ఆంధ్రప్రదేశ్‌కు గాని, 2014లో ఏర్పడిన తెలంగాణకు గాని మళ్ళీ రాలేదు. మధ్యలో నలభై ఏభై ఏళ్ళ కథ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. క్రికెట్టు వచ్చి కూర్చొంది, ఫుట్‌బాల్ లేచి పక్కకు జరిగింది.

ఇటువంటి నగరానికి 2019లో ఒక కొత్త జట్టు వచ్చింది. పుణే జట్టు మూతపడగా ఇండియన్ సూపర్ లీగులో దాని స్థానంలో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడింది. పసుపు, నలుపు రంగుల చొక్కాలు. సొంత మైదానం గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. లోక్‌సభ స్పీకరుగా ఉండగా మరణించిన ఆ బాలయోగి పేరు యానాం పిల్లలకు కొత్త కాదు. యానాం నుంచి గౌతమి దాటి ఎదుర్లంక వెళ్ళే వంతెనకు కూడా ఆయన పేరే పెట్టారు.

మొదటి ఆటే కొల్‌కతాలో. అయిదు గోళ్ళ తేడాతో ఓటమి. 2019 నవంబరు 2న సొంత మైదానంలో కేరళ బ్లాస్టర్స్ జట్టును 2-1తో ఓడించినప్పుడు గచ్చిబౌలి గ్యాలరీలు ఊగిపోయాయి. అంతే, ఆ తర్వాత ఓటమి మీద ఓటమి. 18 ఆటల్లో రెండు గెలుపులు, నాలుగు డ్రాలు, పన్నెండు ఓటములు. పది జట్లలో పదో స్థానం.

అయినా ఆ ఏడాది వెళ్ళినవారు ఎవరూ మోసపోయామని అనుకోలేదు. కొత్త జట్టు, కుదురుకోవడానికి కొంత సమయం కావాలి అని చెప్పుకొన్నారు. పసిపిల్లవాడు నడక నేర్చుకొనేటప్పుడు పడితే ఎవరూ కోప్పడరు గదా!

తర్వాత జరిగినది విచిత్రం. కరోనా మహమ్మారి వల్ల రెండు సీజన్ల ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. స్పెయిను దేశస్థుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చాక జట్టు దశ తిరిగింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. ఆట 1-1తో ముగిసి పెనాల్టీలకు వెళ్ళింది. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. 3-1 తేడాతో హైదరాబాదు ఛాంపియన్ అయింది. గ్యాలరీల్లో ఎక్కువమంది కేరళ అభిమానులే. తమ జట్టు కప్పు గెలిచిన ఏడాది హైదరాబాదువాళ్ళు సొంత ఊళ్ళో దాని ఆట ఒక్కటి కూడా చూడలేదు. పదో స్థానం కళ్ళారా చూశారు, మొదటి స్థానం టీవీలో చూశారు. ఏ జట్టు అభిమానులకైనా ఇంతకంటె విడ్డూరమైన అదృష్టం పట్టి ఉండదు.

2022-23లో జట్టు సొంత మైదానానికి తిరిగివచ్చింది. లీగులో రెండో స్థానం, సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఓటమి. ఆ ఏడాది గచ్చిబౌలికి వెళ్ళినవారికి మంచి ఆట దొరికింది. చెరువు నిండింది అనుకొనే సమయానికి కట్టకు గండి పడింది.

2023-24 సీజను గురించి చెప్పాలంటే అంకెలు చాలు. 22 ఆటలు. ఒక గెలుపు, అయిదు డ్రాలు, పదహారు ఓటములు. మొత్తం సీజనులో కొట్టిన గోళ్ళు పది. ఆ ఒక్క గెలుపు కూడా చెన్నైలో. అంటే గచ్చిబౌలికి ప్రతి ఆటకూ వెళ్ళిన అభిమాని ఏడాది పొడుగునా ఒక్క గెలుపునైనా చూడకుండా ఇంటికి వచ్చాడన్నమాట. రెండేళ్ళ కిందట దేశంలోకెల్లా మేటి జట్టు అనిపించుకొన్నది ఇదే.

ఆటగాళ్ళకు ఆట రాక ఇలా జరగలేదు. జీతాలు అందలేదు. అందనివాళ్ళు ఫిర్యాదు చేశారు. కొత్త ఆటగాళ్ళను తీసుకోవడానికి వీల్లేదని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నిషేధం విధించింది. విదేశీ ఆటగాళ్ళు ఒప్పందాలు రద్దు చేసుకొని వెళ్ళిపోయారు. పేరున్న స్వదేశీ ఆటగాళ్ళు కూడా చాలామంది వేరే జట్లకు వెళ్ళారు. మిగిలిన కుర్రవాళ్ళతో, శిక్షకుడు తంగ్‌బోయ్ సింగ్తో సీజను ఈదుకొచ్చాడు. ఎదుటి జట్లలో నలుగురేసి విదేశీయులు ఆడుతుంటే, నిన్నటిదాకా కింది జట్టులో సాధన చేసుకొంటున్న పిల్లలు వాళ్ళను ఎదుర్కొన్నారు. వాళ్ళు చేతనైనంత పోరాడారు. ఆ ఏడాది జట్టులో తప్పు పట్టవలసినది ఎవరినైనా సరే, మైదానంలో దిగినవారిని మాత్రం కాదు.

ఇక ప్రేక్షకుడి సంగతి. ఉత్సాహం ఒక్క రోజులో చావదు. దీపంలో నూనె తరిగినట్టు తరుగుతుంది. మొదట్లో అతడు ఆటకు గంట ముందే వెళ్తాడు, చివరి ఈల దాకా కూర్చుంటాడు. తర్వాత తర్వాత ఆట మొదలయ్యే వేళకు వెళ్తాడు. మరికొన్నాళ్ళకు ఎనభయ్యో నిమిషంలోనే లేచి, బస్సు దొరకదేమోనన్న సాకు చెప్పుకొంటాడు. (బస్సు అబద్ధం కాదు. ఫుట్‌బాల్ పుట్టి పెరిగిన పాతబస్తీ, సికింద్రాబాదు పేటలనుంచి గచ్చిబౌలి నగరానికి మరో చివర ఉంది. రాత్రి ఎనిమిదికి మొదలయ్యే ఆట ముగిసేసరికి పది దాటుతుంది.) పిమ్మట వెళ్ళడం మానేసి టీవీలో చూస్తాడు. టీవీ కూడా విసుగనిపించి ఫోనులో గోళ్ళ లెక్క మాత్రం చూసుకొంటాడు. చివరకు ఒకరోజు పొద్దున్నే పేపరులో చూసి, “అరె, నిన్న ఆట ఉన్నదా?” అంటాడు. ఆ మాట నోట వచ్చిన రోజున అతడు అభిమాని కాకుండా పోయాడు. అది జరిగినట్టు అతడికే తెలియదు.

ఇందులో అతడి తప్పు ఎంత? ఓటమి ఒక్కటే కారణమైతే అతణ్ణి కప్ప అనవచ్చు. కాని ఓటమి ఒక్కటే కారణం కాదని చెప్పడానికి నిదర్శనాలు దూరాన లేవు.

చెన్నై జట్టునే చూడవచ్చు. 2017-18లో ఛాంపియన్. మరుసటి ఏడాది అదే జట్టు 18 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ తర్వాతి ఏడాది కూడా తడబడుతూనే మొదలుపెట్టింది. డిసెంబరులో శిక్షకుడు మారాడు. జట్టు వరుసగా గెలుచుకొంటూ ఫైనల్ దాకా వెళ్ళింది. మెరీనా దాపునే ఉన్న నెహ్రూ స్టేడియానికి ఆ కష్టకాలంలో వెళ్ళినవారు, మధ్యలో మానేసినవారు, మళ్ళీ వెళ్ళినవారు అందరూ ఉన్నారు. వెళ్ళడానికి అక్కడ జట్టంటూ ఒకటి నిలిచి ఉన్నది, దాన్ని బాగుచేయాలన్న ప్రయత్నం కళ్ళకు కనిపించింది.

ఈస్ట్ బెంగాల్ అంతకంటె గట్టి నిదర్శనం. 1920లో పుట్టిన క్లబ్బు. 1950 ప్రాంతంలో దక్షిణాది నుంచి వెళ్ళిన వెంకటేశ్, అప్పారావు, సాలే, అహ్మద్ ఖాన్, ధన్‌రాజ్ అనే అయిదుగురు ముందు వరుసలో ఆడుతుంటే వాళ్ళను పంచపాండవులని పిలిచిన క్లబ్బు అది. అటువంటి క్లబ్బు 2020లో సూపర్ లీగులోకి వచ్చాక మొదటి అయిదు సీజన్లలో ఒక్కసారి కూడా తొమ్మిదో స్థానం దాటి పైకి రాలేదు. 2021-22లో ఇరవై ఆటలకు ఒకే గెలుపు. అయినా ఎరుపు, బంగారు రంగుల జెండాలు గ్యాలరీల్లో తగ్గలేదు. 2024 జనవరి 28న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఒడిశా జట్టును 3-2తో ఓడించి సూపర్ కప్ గెలిచినప్పుడు, అంతకాలం ఓర్చుకొన్నవాళ్ళ సంబరం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

అయితే ఈస్ట్ బెంగాల్ అభిమానులను చూపించి హైదరాబాదువాళ్ళను దెప్పడం సరికాదు. అక్కడ తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు ఆ జట్టు ఆస్తిలాగా వచ్చింది. ఏడాది ఓడినా, అయిదేళ్ళు ఓడినా ఆస్తి ఎక్కడికీ పోదని వాళ్ళ ధైర్యం. హైదరాబాదు అభిమానికి ఆ ధైర్యం ఎవరిచ్చారు? వచ్చే ఏడాది జట్టు ఉంటుందో ఉండదో కూడా 2024లో అతడికి తెలియదు. నాటిన ఏడాదే మామిడిచెట్టును కాయలు అడిగేవాడు తెలివితక్కువవాడు, నిజమే. కాని ఆ మొక్కను రేపు ఎవరైనా పీక్కుపోతారేమో అన్న భయం ఉన్నప్పుడు ఎవరు నీళ్ళు పోస్తారు?

ఆ భయమే నిజమైంది. 2024-25లో యాజమాన్యం మారింది, ఇరవైనాలుగు ఆటల్లో నాలుగు గెలుపులతో జట్టు కింది నుంచి రెండో స్థానంలో నిలిచింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఈ తరలింపుల వరుస ఒకచోట పెట్టి చూస్తే బొమ్మల పెళ్ళి గుర్తుకు వస్తుంది. 2019లో పుణేవాళ్ళు తమ జట్టును పోగొట్టుకొన్నారు, హైదరాబాదుకు వచ్చింది. అదే ఏడాది ఢిల్లీవాళ్ళు తమ జట్టును పోగొట్టుకొన్నారు, అది భువనేశ్వర్ చేరి ఒడిశా జట్టయింది. కళింగ స్టేడియం సిద్ధం కాకపోవడంతో ఆ ఒడిశా జట్టు తన తొలి ‘సొంత’ ఆటలు కొన్ని ఎక్కడ ఆడిందనుకొంటారు? జట్టు పోగొట్టుకొన్న పుణేలోనే, బాలేవాడిలో! ఆరేళ్ళ తర్వాత హైదరాబాదువాళ్ళు పోగొట్టుకొంటే ఢిల్లీకి వచ్చింది. ఒక ఊరి ఏడుపు మీద మరొక ఊరి పండగ. పుణేలో, భువనేశ్వర్‌లో, హైదరాబాదులో ఉన్న ఏ ప్రేక్షకుణ్ణీ ఈ విషయంలో ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఇక్కడే అసలు తగవు ఉన్నది. జనం రాకపోతే డబ్బు ఎక్కడిది అని యాజమాన్యాలు అంటాయి. గెలుపు లేకపోతే ఎందుకు రావాలి అని జనం అంటారు. గుడ్డు ముందా, పిల్ల ముందా అన్న వాదన ఇది. పైకి రెండు పక్షాలూ సమానంగానే కనిపిస్తాయి, కాని సమానం కావు. యాజమాన్యానికి విసుగు పుడితే జట్టును మరో ఊరికి తీసుకుపోగలదు. ప్రేక్షకుడు తన ఊరిని ఎక్కడికీ తీసుకుపోలేడు. కాబట్టి ముందు అడుగు ఎవరు వేయాలన్న ప్రశ్నకు జవాబు తేలికే. జీతాలు ఇస్తున్నారో లేదో, అప్పు ఎంతున్నదో, వచ్చే ఏడాది జట్టు ఊళ్ళో ఉంటుందో లేదో జనానికి దాచకుండా చెప్పాలి. చెప్పినచోట ఓటమిని జనం భరిస్తారు. మైదానంలో జరిగే ఓటమిని భరించడం ఆట అభిమానికి చిన్నప్పటినుంచీ అలవాటే. ఆఫీసు గదిలో ముందుగానే జరిగిపోయిన ఓటమిని చూడడానికి టికెట్టు ఎందుకు కొనాలి?

మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో వేరే పద్ధతి ఉన్నది. అక్కడి జట్లు తాలీములకు చెందినవి. తాలీమంటే కుస్తీ నేర్పే వ్యాయామశాల. ఒక్కొక్క పేటకు ఒక్కొక్క తాలీము, దానికొక ఫుట్‌బాల్ జట్టు. పాటాకడీల్ తాలీము, బాల్‌గోపాల్ తాలీము, దిల్‌బహార్ తాలీము వంటివి రాజర్షి శాహూ స్టేడియంలో ఢీకొంటే వేలమంది వస్తారు. టీవీ హంగులు లేవు, పెద్ద పెద్ద జీతాలు లేవు. ఓడినా పేట తన జట్టును వదలదు. వదిలి ఎక్కడికి పోతుంది? గోలు తప్పినవాడు మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర ఎదురుపడతాడు. ఈ పద్ధతిలో కీడు లేకపోలేదు. పేటల పంతం ముదిరి గ్యాలరీల్లో రాళ్ళు రువ్వుకొన్న సందర్భాలున్నాయి, ఆటలు ఆపవలసి వచ్చిన రోజులున్నాయి. అయినప్పటికీ గ్యాలరీ ఖాళీ అవుతుందన్న బెంగ అక్కడివాళ్ళకు లేదు. రహీం సాబ్ కాలపు హైదరాబాదును ఈనాడు చూడాలనుకొనేవాడు కొల్హాపూర్ వెళ్ళడం మంచిది. బెంగళూరులో గౌతంపుర, ఆస్టిన్ టౌన్ పేటల్లో, ఉత్తర చెన్నైలోని వ్యాసర్‌పాడిలో కూడా ఫుట్‌బాల్ ఇప్పటికీ వీధి పిల్లల ఆటే. పెద్ద లీగుల జట్లు ఇటువంటి పేటలకు ఎంత దగ్గరైతే అంతకాలం నిలుస్తాయి. గచ్చిబౌలి జట్టు పాతబస్తీకి, సికింద్రాబాదుకు దగ్గర కావడానికి ఆరేళ్ళలో తగినంత ప్రయత్నం జరగలేదన్నది నిజం. ఛాంపియన్ అయిన ఏడాది ఊళ్ళో లేకపోవడం దాని దురదృష్టం. తిరిగివచ్చాక మిగిలినది ఒక్క మంచి సీజను.

జట్టును ఊరికి ఊరు మార్చడం భారతదేశంలోనే పుట్టిన విద్య కాదు. ఇంగ్లండులో వింబుల్డన్ అనే జట్టును దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు మార్చడానికి 2002లో అనుమతి ఇచ్చారు. అభిమానులు తిట్టి ఊరుకోలేదు. ఆ వేసవిలోనే తామే ఒక కొత్త క్లబ్బు పెట్టుకొని, ఒక పార్కులో ఆటగాళ్ళను ఎంపిక చేసుకొని, తొమ్మిదో అంతస్తు లీగులో మొదటినుంచి మొదలుపెట్టారు. 2011 నాటికి నాలుగు అంతస్తుల ప్రధాన లీగులోకి ఎక్కారు. 2020లో తమ పాత పేటకే తిరిగి వచ్చారు. వాళ్ళను చూసి అందరూ అలా చేయాలని అనడం సులువు. హైదరాబాదులో ఆరేళ్ళ జట్టుకు అంత బలగం ఎక్కడిది? డెక్కన్ లీజియన్ పేరుతో డప్పులతో, పాటలతో వచ్చిన అభిమానుల బృందం మాత్రం ఓటముల రోజుల్లోనూ ఒక మూల నిలబడింది. జట్టు తెలుగు నేలమీద ఉన్నంతకాలం దానికి ఊరి గుర్తుగా మిగిలినది ఆ మూలే.

ప్రేక్షకుడి పక్షాన ఇంత చెప్పినా, అతడికి ఒక మాట చెప్పక తప్పదు. ఖాళీ గ్యాలరీ యాజమాన్యానికి తగిలే దెబ్బ అనుకొంటాడు గాని, ఆ దెబ్బ ముందుగా తగిలేది ఆడుతున్న కుర్రవాళ్ళకు. 2023-24లో ఆ పిల్లలు జీతం వస్తుందో రాదో తెలియకుండా ఆడారు. ముప్పై వేలమంది పట్టే స్టేడియంలో కుర్చీలు ఖాళీగా కనిపిస్తుంటే, బంతి కోసం పరుగెత్తుతున్నవాడి శ్వాస వాడికే వినిపిస్తుంది. వెళ్ళకపోవడం ప్రేక్షకుడి హక్కు. వెళ్ళి కూర్చొని ఆ పిల్లలను ఎగతాళి చేయడం మాత్రం ఎవరి హక్కూ కాదు. అటువంటివాడికంటె ఇంట్లో కూర్చొన్నవాడే మేలు.

మరో నష్టం లెక్కల్లోకి రాదు. 2019లో తండ్రి వేలు పట్టుకొని మొదటిసారి గచ్చిబౌలికి వెళ్ళిన పదేళ్ళ పిల్లవాడికి జట్టు ఊరు విడిచేనాటికి పదహారేళ్ళు. ఒక ఊరి జట్టును తనది అనుకోవడం, దాని కోసం ఎండలో వరుసలో నిలబడడం, ఓడితే రాత్రి అన్నం సహించకపోవడం ఆ ఆరేళ్ళలో వాడు నేర్చుకొన్నాడు. అది నేర్వడానికి ఆలస్యమవుతుంది, మరవడానికి కాదు. రేపు ఆ నగరానికి మరొక జట్టు వస్తే వాడు మొదటి రోజే టికెట్టు కొంటాడని చెప్పలేరు. హైదరాబాదులోనే ఆడుతూ ఐ-లీగులో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానం దాకా వెళ్ళిన శ్రీనిధి డెక్కన్ జట్టు పేరు ఆ నగరంలోనే ఎంతమందికి తెలుసునంటే, సంతృప్తికరమైన జవాబు రాదు.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి ఆటలు హైదరాబాదులో జరిగాయి. తెలంగాణ జట్టు ముందే వెనుదిరిగింది. డిసెంబరు 31 రాత్రి గచ్చిబౌలి స్టేడియంలో బెంగాల్, కేరళ జట్లు ఫైనల్ ఆడాయి. బెంగాల్ ఒక్క గోలుతో గెలిచి 33వ సారి కప్పు ఎత్తింది. అరవై ఏళ్ళ కిందట అదే కప్పు కోసం బెంగాల్‌ను గడగడలాడించిన ఊరు అది.

పసుపు చొక్కా ఇంకా ఇంట్లో దాచుకొన్న హైదరాబాదు అభిమాని ఢిల్లీ జట్టు కోసం అరవలేడు, అరవమని ఎవరూ అడగరు కూడా. పెద్ద లీగు ఆట చూడాలనిపిస్తే అతడు రైలెక్కి బెంగళూరు కంఠీరవకో, చెన్నై నెహ్రూ స్టేడియానికో పోవాలి. అక్కడ పక్క కుర్చీలో కూర్చొన్న తెలుగు కుర్రవాడు మాట కలిపి, “మీ జట్టు ఏదండీ?” అని అడిగితే ఏమి చెప్పాలో అతడికి వెంటనే తోచదు.